ఫ్రాంక్ సిల్వెరా: అందరి పాత్రలూ వేసి, తనవాళ్ల కోసం రంగస్థలం కట్టినవాడు

హైదరాబాద్‌లో అద్దె గది కోసం తిరిగిన మనవాళ్లలో చాలామందికి ఈ అనుభవం ఉంటుంది. ఇల్లు చూపిస్తారు. అద్దె చెబుతారు, నీళ్ల సంగతి చెబుతారు. తర్వాత ఊరు అడుగుతారు, ఇంటిపేరు అడుగుతారు, ఏం వండుకుంటారని అడుగుతారు. అప్పటికీ తేలకపోతే మీరేమిటోళ్లని సూటిగానే అడిగేస్తారు. కులం ఒంటిమీద కనిపించదు కాబట్టే ఇన్ని ప్రశ్నలు. పీహెచ్‌డీలో చేరిన కొత్తలో మేం కూడా ఒకచోట ఆ ప్రశ్న దగ్గర మాట దాటేసి గది తీసుకున్నాం. ఆ గదిలో ఉన్న ఏడాదీ ఊరి నుంచి అమ్మను రమ్మనలేకపోయాం.

అమెరికా నల్లజాతి నాటకరంగం గురించి చదువుతున్నప్పుడు ఫ్రాంక్ సిల్వెరా జీవితం దగ్గర ఆ గది మాకు గుర్తొచ్చింది. ఆయన రంగస్థల నటుడు, టీవీ నటుడు, దర్శకుడు, నటన నేర్పిన గురువు. ఒంటి రంగు చూసి ఆయన ఎవరో చెప్పడం చూసేవాళ్లకు కష్టంగా ఉండేది. ఆ వెసులుబాటుతో ఆయన ఎక్కడిదాకా వెళ్లాడు, వెళ్లాక ఏం చేశాడు అన్నదే ఈ కథ.

సిల్వెరా 1914 జూలై 24న, అప్పటికి బ్రిటిష్ వలసగా ఉన్న జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టాడు. తల్లి మిశ్రమ జాతి జమైకన్, తండ్రి యూదు. ఆయనకు ఆరేళ్లప్పుడు కుటుంబం అమెరికా వచ్చి బోస్టన్‌లో స్థిరపడింది. ఆ దేశంలో జాతి లెక్క వేరు. నల్లజాతి రక్తం ఒక్క చుక్క ఉన్నా తెల్లవాళ్ల కింద లెక్కకురారు. వర్జీనియా రాష్ట్రం 1924లో దీన్ని చట్టంగానే రాసుకుంది. తెల్లవాళ్లు ఇతర జాతులవాళ్లను పెళ్లాడకూడదన్న ఆ చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1967లో గానీ కొట్టెయ్యలేదు. రంగు తేలికగా ఉన్న నల్లవాళ్లు కొందరు పేరు మార్చుకుని, ఊరు మారి, అయినవాళ్లను వదులుకుని తెల్లవాళ్లుగా బతికేవారు. దాన్ని అక్కడ పాసింగ్ అంటారు. కులం దాచుకుని బతికే బతుకు తెలిసిన మనకు ఆ మాటకు అర్థం విడమర్చి చెప్పనక్కర్లేదు.

సిల్వెరా ఆ దారి పట్టలేదు. బోస్టన్‌లో లా చదువు మధ్యలో వదిలేసి 1934లో నాటకాల్లోకి వచ్చాడు. తొలి నాటకాల్లో ఒకటి పాల్ గ్రీన్ రాసిన ‘రోల్ స్వీట్ చారియట్’. తర్వాత న్యూ ఇంగ్లండ్ రెపర్టరీ థియేటర్‌లో షేక్‌స్పియర్ నాటకాలు ఆడాడు. 1940లో నల్లజాతి నాటక రచయిత థియోడోర్ వార్డ్ రాసిన ‘బిగ్ వైట్ ఫాగ్’ న్యూయార్క్‌లో ఆడినప్పుడు అందులో చిన్న వేషం వేశాడు.

1942లో నౌకాదళంలో చేరాడు. అప్పటిదాకా ఆ దళంలో నల్లవాళ్లకు దక్కిన పని దాదాపుగా ఒకటే. తెల్ల అధికారుల భోజనశాలల్లో వడ్డించడం, గిన్నెలు కడగడం. ఆ ఏడాది మిగతా పనులకూ తీసుకుంటామన్నారు కానీ, శిక్షణ మాత్రం వేరే శిబిరంలో పెట్టారు. అదే షికాగో దగ్గరి గ్రేట్ లేక్స్ కేంద్రంలోని క్యాంప్ రాబర్ట్ స్మాల్స్. బానిసగా ఉండి, 1862లో యజమానుల పక్షం ఓడనే నడుపుకుంటూ కుటుంబంతో సహా తప్పించుకున్న వీరుడి పేరది. ఆ పేరు పెట్టిన శిబిరంలోనే నల్ల సైనికులను వెలిగా ఉంచారు. అక్కడ వినోద కార్యక్రమాల బాధ్యత సిల్వెరాకూ కవి, నాటకకర్త ఓవెన్ డాడ్సన్‌కూ అప్పగించారు. ఈ డాడ్సన్ పేరు మళ్లీ వస్తుంది.

యుద్ధం ముగిశాక సిల్వెరా ‘అనా లుకాస్టా’ నాటక బృందంలో చేరాడు. పోలిష్ అమెరికన్ కుటుంబం గురించి రాసిన ఆ నాటకాన్ని హార్లెమ్‌లోని అమెరికన్ నీగ్రో థియేటర్ నల్లజాతి కుటుంబం కథగా మార్చి ఆడింది. 1944లో బ్రాడ్‌వేకి వెళ్లిన ఆ ప్రదర్శన 957 ఆటలు ఆడింది. తర్వాత ఆయన యాక్టర్స్ స్టూడియో సభ్యుడయ్యాడు.

ఇక సినిమాలు వచ్చాయి. 1952లో ‘వివా జపాటా’లో మెక్సికన్ సైన్యాధికారి హుయెర్తాగా చేశాడు. తెల్లవాడైన మార్లన్ బ్రాండో అదే సినిమాలో మేకప్ వేసుకుని మెక్సికన్ రైతు నాయకుడు జపాటా అయ్యాడు. స్టాన్లీ కుబ్రిక్ తొలి రెండు సినిమాలు ‘ఫియర్ అండ్ డిజైర్’, ‘కిల్లర్స్ కిస్’ రెండింటిలోనూ సిల్వెరా ఉన్నాడు. 1962లో ‘మ్యుటినీ ఆన్ ది బౌంటీ’లో తాహితీ ద్వీపవాసి. అదే ఏడాది ‘ట్విలైట్ జోన్’ సీరియల్లో ఒక డాక్టరు. మెక్సికన్, ఇటాలియన్, ద్వీపవాసి, జాతి చెప్పని మనిషి, ఇలా ఎవరి వేషమైనా ఇచ్చారు. నల్లవాడి వేషాలకు మాత్రం పిలుపు అరుదు. తెర మీద నల్లవాడంటే వంటమనిషో, బంట్రోతో, నవ్వించేవాడో అని ముందే ఒక రూపం గీసి పెట్టుకున్నారు. ఆ గీతలో ఈ మనిషి ఇమడలేదు. రంగు పూసుకున్న బ్రాండో ఎవరైనా కాగలడు, మళ్లీ రంగు కడుక్కుని తనలాగే హీరో కాగలడు. సిల్వెరాకు ఎవరైనా అయ్యే వీలుంది, తనలా ఉండే వీలే లేదు.

రంగస్థలం మీద ఆ గోడ కొంచెం పలచగా ఉండేది. 1955 నవంబరులో బ్రాడ్‌వే మీద మొదలైన ‘ఎ హ్యాట్‌ఫుల్ ఆఫ్ రెయిన్’లో ఇద్దరు తెల్ల కొడుకుల తండ్రి ఆయన. కొడుకులుగా వేసినవాళ్లు బెన్ గజారా, ఆంథొనీ ఫ్రాంచోసా. జాతుల మధ్య పెళ్లి సగం దేశంలో నేరంగా ఉన్న రోజుల్లో ఒక నల్లజాతి నటుడు రోజూ రాత్రి తెల్ల కుటుంబానికి పెద్దగా నిలబడ్డాడు. 1957లో అదే కథ సినిమాగా వచ్చినప్పుడు ఫ్రాంచోసా పాత్ర ఫ్రాంచోసాకే ఉంది. తండ్రి పాత్ర తెల్ల నటుడు లాయిడ్ నోలన్‌కు వెళ్లింది. 1962 వేసవిలో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో, టికెట్ లేకుండా జనానికి ఆడిన షేక్‌స్పియర్ ఉత్సవంలో ఆయన కింగ్ లియర్ అయ్యాడు. మరుసటి ఏడాది ‘ది లేడీ ఆఫ్ ది కమీలియాస్’లో సహాయ పాత్రకు టోనీ పురస్కారానికి నామినేషన్ వచ్చింది.

ఇక్కడితో ఆగినా ఆయన్ని మంచి నటుడిగా చెప్పుకునేవాళ్లు. మేం ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ తర్వాతి అడుగు.

1964లో లాస్ ఏంజెలిస్‌లో, వాంటైల్ విట్‌ఫీల్డ్ అనే నల్లజాతి కళాకారుడితో కలిసి సిల్వెరా థియేటర్ ఆఫ్ బీయింగ్ మొదలుపెట్టాడు. తెలుగులో ఉనికి రంగస్థలం అనుకోవచ్చు. పేరులోనే ఆయన పాఠం ఉంది. నల్ల నటులకు అప్పటి మార్కెట్ నేర్పింది ఒకటే విద్య. తెల్లవాళ్లు ఊహించుకున్న నల్లవాడిలా కనిపించడం, అలా నవ్వడం, అలా వంగడం. అలా అలవాటైన భంగిమలను వదిలించి, మనిషి మనిషిగా రంగం మీద నిలబడేలా చేయడం ఆయన పెట్టుకున్న పని. తన ముఖానికి ఎన్నో పాత్రలు దొరికాయి. ఆ వెసులుబాటు లేని ముదురు రంగు నటీనటుల కోసమే ఆయన ఈ తలుపు తీశాడు.

అక్కడ ఎంచుకున్న నాటకం జేమ్స్ బాల్డ్విన్ ‘ది ఏమెన్ కార్నర్’. 1955లో హోవర్డ్ యూనివర్సిటీ విద్యార్థులతో దీన్ని మొదట రంగం ఎక్కించింది నౌకాదళంలో సిల్వెరా సహచరుడు ఓవెన్ డాడ్సనే. ఆ తర్వాత దాదాపు పదేళ్లు వృత్తి రంగస్థలం దాన్ని పట్టించుకోలేదు. హార్లెమ్‌లో చిన్న చర్చి నడిపే మార్గరెట్ అనే పాస్టరమ్మ కథ అది. వదిలేసి వచ్చిన భర్త, జాజ్ సంగీతకారుడు ల్యూక్, చావుకు దగ్గరై తిరిగొస్తాడు. కొడుకు చేజారిపోతుంటాడు. నమ్ముకున్న సంఘమే ఆమెను దింపేస్తుంది. తెల్లవాళ్లు చుట్టపుచూపుగా కూడా రాని కథ. నల్లవాళ్లు తమలో తాము ప్రేమించుకుంటారు, పోట్లాడుకుంటారు, తప్పులు చేస్తారు.

సిల్వెరా, విట్‌ఫీల్డ్ మొదట సొంత డబ్బు పెట్టారు. స్నేహితులు చందాలిచ్చారు. లాస్ ఏంజెలిస్‌లో ఆడిన నాటకం 1965 ఏప్రిల్ 15న బ్రాడ్‌వేలో ఎథెల్ బారీమోర్ థియేటర్‌కు చేరింది. దర్శకత్వం సిల్వెరాది. ల్యూక్ వేషమూ ఆయనదే. జూన్‌లో ఆట ముగిసింది. డబ్బు లెక్కలో దాన్ని విజయం అనలేం. మనుషుల లెక్క వేరు. మార్గరెట్‌గా వేసిన బియా రిచర్డ్స్‌కు టోనీ నామినేషన్ వచ్చింది. రెండేళ్ల తర్వాత ‘గెస్ హూస్ కమింగ్ టు డిన్నర్’లో సిడ్నీ పాయిటియర్ తల్లిగా వేసి ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. అదే నాటకంతో బ్రాడ్‌వేకి తొలిసారి వచ్చిన ఇసబెల్ శాన్‌ఫర్డ్ 1981లో ‘ది జెఫర్సన్స్’ సీరియల్‌కు హాస్య విభాగంలో ఉత్తమ నటిగా ఎమ్మీ అందుకుంది. ఆ విభాగంలో గెలిచిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమె. విట్‌ఫీల్డ్ ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వ కళల నిధి సంస్థలో చేరి, బస్తీల్లోని కళాబృందాలకు డబ్బు అందించే విభాగానికి మొదటి డైరెక్టర్ అయ్యాడు.

సిల్వెరా మళ్లీ టీవీలోకి వెళ్లాడు. 1967లో మొదలైన ‘ది హై చాపరాల్’లో ధనిక మెక్సికన్ భూస్వామి డాన్ సెబాస్టియన్ మొంతోయాగా దేశమంతా ఆయన్ని చూసింది. చూసినవాళ్లలో ఎంతమందికి ఆయన నల్లజాతివాడని తెలుసో! ఆ సీరియల్ నడుస్తుండగానే, 1970 జూన్ 11న, కాలిఫోర్నియాలోని పాసడీనాలో సొంత ఇంటి వంటగదిలో చెత్త నలిపే యంత్రాన్ని బాగుచేస్తూ కరెంటు షాక్ కొట్టి చనిపోయాడు. అప్పటికి 55 ఏళ్లు.

మూడేళ్ల తర్వాత, 1973లో, థియేటర్ ఆఫ్ బీయింగ్‌లో పనిచేసిన గార్లాండ్ లీ థాంప్సన్, నటుడు మోర్గన్ ఫ్రీమన్, మరికొందరు కలిసి హార్లెమ్‌లో ఫ్రాంక్ సిల్వెరా రైటర్స్ వర్క్‌షాప్ పెట్టారు. కొత్త రచయితల నాటకాలను అక్కడ జనం ముందు చదివి, అక్కడే చర్చించేవారు. సొంత ముఖంతో తెర మీద కనిపించే వీలు తక్కువగా దొరికిన మనిషి పేరు మీద, సొంత మాట రాసుకునే చోటు నిలిచింది.

సిల్వెరా మెక్సికన్ వేషాలు వేయడం తప్పా ఒప్పా అని ఈనాటి విద్యార్థులు వాదించుకోవచ్చు, వాదించుకోవాలి కూడా. ఆ వేషాలు మెక్సికన్లకు చెందాల్సినవే. ఆ వాదన పక్కనే ఇంకో సంగతి కూడా పెట్టుకోవాలి. గుర్తుపట్టనివ్వని ముఖం ఆయన్ని లోపలికి తీసుకెళ్లింది. వెళ్లినవాడు తలుపు వేసుకోలేదు. బయట ఉండిపోయినవాళ్ల కోసం సొంత డబ్బుతో వేరే తలుపు తెరిచాడు.

మేం ఈమధ్య మళ్లీ గది వెతికాం. ఇంటిపేరు వినగానే జనం గుర్తుపట్టే మా జూనియర్ ఒకతన్ని ఈసారి వెంట తీసుకెళ్లాం. వాళ్లు అడగకముందే మేమే చెప్పాం. మూడు ఇళ్లు పోయాయి. నాలుగో ఇంట్లో ఇద్దరికీ చోటు దొరికింది. మొన్న వేసవిలో అమ్మ వచ్చి వారం రోజులు ఉండి వెళ్లింది.