లారీ దొరయు హైదరాబాదు కుక్కలును

వేదపఠనము: సంఖ్యాకాండము 22:21–35



మన సంఘములోని ఒక యౌవనస్థుడు హైదరాబాదులో క్రొత్త మందులను పరీక్షించు ఒక చోట పని చేయుచున్నాడు. ఎలుకలకు మేత పెట్టుట, వాటిని తూచుట, మందు ఇచ్చిన తరువాత అవి ఎట్లున్నవో పుస్తకములో వ్రాయుట అతని పని. కడపట వాటిని చంపుటయు అతని కన్నులయెదుటనే జరుగును. గడచిన వేసవిలో ఇంటికి వచ్చినప్పుడు, ఆరాధన ముగిసిన పిమ్మట నా యొద్ద కూర్చుండి, ఈ జీతము తినుట తనకు పాపమగునా అని అడిగెను.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. మనము కోడిని కోసికొని తినువారమే. అయినను అతడు అడిగినది కోడిని గూర్చి కాదు. ఆకలి తీరుటకు ఒక్క వేటుతో చంపుట వేరు, ఏమగునో చూతమని ఒక ప్రాణికి బాధ కలుగజేసి ప్రక్కన నిలుచుండి వ్రాసికొనుట వేరు. జవాబు వెదకుచుండగా, మన తాతముత్తాతలు నిజాము ప్రభువు ఏలుబడిలో ఉండిన దినములలో హైదరాబాదులోనే జరిగిన ఒక సంగతి నాకు జ్ఞాపకమునకు వచ్చెను. దానికి కారకుడైన ఎడ్వర్డ్ లారీ దొరగారి పేరు ఆ కాలమున హైదరాబాదు మొదలుకొని లండను వరకు వైద్యులందరికిని తెలిసినదే. ఆయన జీవితమును ఈ నెల మీ ముందర ఉంచుచున్నాను.

లారీగారు 1846లో పుట్టెను. ఆయన పసిబిడ్డగా ఉన్నప్పుడే, అనగా 1847 నవంబరులో, స్కాట్లండు దేశపు ఎడింబరో పట్టణమందు జేమ్స్ యంగ్ సింప్సన్ అను వైద్యుడు క్లోరోఫారం అను మత్తుమందును లోకమునకు తెలియజేసెను. అంతకు ముందు కాలు కోయవలసి వచ్చిన రోగిని మనుష్యులు గట్టిగా పట్టుకొనగా వైద్యుడు త్వరత్వరగా రంపముతో కోసెడివాడు. ఆ కేకలు విని విద్యార్థులు పారిపోయెడివారట. తీయని వాసనగల ఈ మందును గుడ్డమీద చల్లి ముక్కునొద్ద పట్టినయెడల రోగి నిద్రపోవును. సింప్సన్‌గారు దీనిని ముందుగా తన భోజనపు బల్లయొద్ద, ఇద్దరు స్నేహితులతో కూడ తానే పీల్చి చూచెను. ముగ్గురును తెలివితప్పి పడిపోయిరి. ప్రసవవేదన దేవుడు విధించినది గనుక దానిని తీసివేయకూడదని కొందరు వాదింపగా, ఆదాము ప్రక్కటెముకను తీయకమునుపు దేవుడే అతనికి గాఢనిద్ర కలుగజేసెనని ఆ భక్తుడు ఆదికాండములోనుండి వారికి చూపించెను. వాక్యమును సగము చదివి ఇతరులకు భారము మోపువారు అన్ని కాలములలోను ఉన్నారు.

అయితే మరుసటి జనవరిలోనే, ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అను పదునైదేండ్ల చిన్నది కాలిగోరు తీయించుకొనుటకై ఈ మందు పీల్చి, నిమిషములలో చనిపోయెను. అటుతరువాత అట్టి మరణములు అక్కడక్కడ వినబడుచు వచ్చెను. ఎందుచేత చనిపోవుచున్నారు? మందు గుండెను ఆపుచున్నదని కొందరు వైద్యులనిరి. గుండెకు ఏమియు కాదు, ముందుగా ఊపిరి ఆగును, ఊపిరిని కనిపెట్టియున్న యెడల ఎవరును చావరని మరికొందరనిరి. ఎడింబరోలోని సైమ్ అను గొప్ప శస్త్రవైద్యుడు ఈ రెండవ పక్షమువాడు. లారీగారు ఆ గురువు యొద్ద నేర్చుకొనెను. యౌవనములో గురువు చెప్పిన మాట మనస్సులో ఎంత లోతుగా దిగునో మనకు తెలియును.

ఆయన 1872లో ప్రభుత్వ వైద్య ఉద్యోగిగా హిందూదేశమునకు వచ్చి, లాహోరులో శస్త్రవైద్యము బోధించి, 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా నియమింపబడెను. ఆయన చేసిన మేలును మరువరాదు. వైద్య పాఠశాలలో ఉర్దూలో జరుగుచుండిన బోధనను ఆంగ్లములోనికి మార్చి, లోకమందలి క్రొత్త గ్రంథములన్నియు విద్యార్థులకు అందునట్లు చేసెను. ఆడవారు వైద్యము నేర్చుకొనుట వింతగా ఎంచబడిన ఆ దినములలో వారికి తలుపు తెరచెను. ఆయన శిష్యురాలైన రూపాబాయి ఫర్దూన్జీ అను పారసీక స్త్రీ హైదరాబాదు ఆసుపత్రులలో రోగులకు క్లోరోఫారం ఇచ్చుటయందు ప్రసిద్ధిచెందెను. మత్తుమందు ఇచ్చుటనే వృత్తిగా చేసికొన్న స్త్రీలలో లోకమంతటికిని ఆమెయే మొదటిదని చెప్పుదురు. అఫ్జల్‌గంజి ఆసుపత్రిలో లారీగారి పర్యవేక్షణలో వేలకొలది రోగులు మత్తుమందు పీల్చి, కోత కోయించుకొని, క్షేమముగా ఇంటికి పోయిరి. ఊపిరిని ఏమరక కనిపెట్టుమని శిష్యులకు ఆయన నేర్పిన నేర్పు అట్టిది. ఇంతవరకు అంతయు మంచిదే.

గుండెకు హాని లేదను తన గురువు మాటను లోకమంతయు ఒప్పుకొనవలెనని ఆయన పట్టుబట్టెను. ఆరవ నిజామైన మహబూబ్ అలీ ఖాన్ ప్రభువు ఆయనకు అండగా నిలిచెను. మన పాలమూరుకు 1890లో మహబూబ్‌నగరు అను పేరు వచ్చినది ఈ ప్రభువు పేరున బట్టియే. గద్వాల, వనపర్తి సంస్థానములు కప్పము కట్టుచుండినదియు ఆయనకే. 1888లో మొదటి క్లోరోఫారం కమిషను కూర్చుండెను. హైదరాబాదు వీథులలో యజమానుడు లేక తిరుగు ఊరకుక్కలను నూటికి పైగా పట్టి తెప్పించి, క్లోరోఫారం ఇచ్చి చంపి, ముందుగా ఊపిరి ఆగినదా గుండె ఆగినదా అని చూచిరి. ఊపిరియే ముందుగా ఆగినదని తీర్పు వచ్చెను. లండనులోని లాన్సెట్ అను వైద్య పత్రిక దీనిని నమ్మలేదు. అప్పుడు నిజాము ప్రభువు వెయ్యి పౌండ్లు ఇచ్చి, మీకు నమ్మకమైన వానినే పంపుడని ఆ పత్రికవారిని కోరెను. వారు లాడర్ బ్రంటన్ అను పేరుగాంచిన వైద్యుని పంపిరి.

ఈ రెండవ కమిషను 1889లో చేసిన పని చదువుటకు కష్టముగా ఉండును. కుక్కలు, కోతులు, గుఱ్ఱములు, మేకలు, పిల్లులు, కుందేళ్లు, అన్నియు కలిసి నాలుగు వందలకు పైగా ప్రాణులు. కొన్నిటికి మందు ఎక్కువగా ఇచ్చిరి. కొన్నిటికి ఊపిరాడనియ్యలేదు. కొన్నిటికి మెడలోని నరమును కదలించి చూచిరి. గుండె చెడియున్న రోగికి ఏమగునో తెలిసికొనవలెనని కొన్ని కుక్కలకు ముందు కొన్ని దినములు భాస్వరము తినిపించిరి. కోత సమయములో అవి మత్తులోనున్నవి గనుక బాధ లేదని చెప్పవచ్చును, గాని భాస్వరము తిన్న దినములలో వాటికి మత్తు ఎక్కడిది? ఇంగ్లండులో 1876 నుండి, బాధ కలిగించు ప్రయోగములను అనుమతి పత్రము లేక జంతువులమీద చేయకూడదను చట్టము ఉండెను. ఆ చట్టము ఇక్కడికి వర్తింపలేదు. వీథికుక్క పక్షమున అడుగువాడు హైదరాబాదులో లేకుండెను.

తీర్పు మరల లారీగారికే అనుకూలముగా వచ్చెను. గుండెయే ఆగునని అంతకుముందు తలంచిన బ్రంటన్‌గారు సహితము మనస్సు మార్చుకొని లండనుకు తంతి పంపెను. హైదరాబాదు పేరు లోకమంతట మారుమ్రోగెను.

అయినను మరణములు ఆగలేదు. గుండెకు భయము లేదని నిశ్చింతగా మందు ఇచ్చినవారి చేతులలో కూడ రోగులు ఉన్నట్టుండి చనిపోవుచునే యుండిరి. ఈ కమిషనుకు కొన్ని ఏండ్ల ముందే గ్లాస్గోలో మరియొక సంఘము జంతువులమీదనే పరీక్షలు చేసి, మందు గుండెను చెరుపుచున్నదని వ్రాసియుండెను. ఇరువురు అడిగినదియు జంతువులనే. జవాబులు మాత్రము ఒకదానికొకటి విరోధముగా నుండెను. చిక్కు విడిపోయినది 1911లో. గుడ్‌మన్ లీవీ అను వైద్యుడు పిల్లులకు క్లోరోఫారం కొద్దిగానే ఇచ్చి, సగము మత్తులో వాటిని ఉలికిపాటుకు గురిచేసినట్లయితే గుండె కొట్టుకొనుట మాని వణకి ఆగిపోవునని చూపించెను. భయపడుచు బల్లమీదికి ఎక్కిన రోగికి జరిగినది ఇదియే. హన్నా గ్రీనరుకును ఇట్లే జరిగియుండునని పలువురు తలంచిరి. హైదరాబాదు కుక్కలకు మందు ఎక్కువెక్కువగా ఇచ్చుచు చంపిరి గనుక ముందుగా ఊపిరి ఆగెను. కుక్కలు అబద్ధమాడలేదు. అడిగిన ప్రశ్నకు అవి నిజమైన జవాబే ఇచ్చెను. అడుగవలసిన ప్రశ్న అడుగబడలేదు, అంతే.

ఇక్కడ నాకు బిలాము జ్ఞాపకమునకు వచ్చుచున్నాడు. అతడు చూడలేని దూతను అతని గాడిద చూచెను. అది ప్రక్కకు తొలగినప్పుడు, గోడకు అదుముకొన్నప్పుడు, క్రింద కూలబడినప్పుడు, మూడుమారులు అతడు దానిని కొట్టెనే గాని, ఇంతకాలము నన్ను మోసిన ఈ ప్రాణి నేడు ఏల ఇట్లు చేయుచున్నదని ఒకమారైనను తనను తాను అడుగుకొనలేదు. దేవుని దూత మొదట లెక్క అడిగినది మూడుమారులు కొట్టిన ఆ దెబ్బలనే. ప్రవక్తకు వెళ్లవలెనను ఆశ ముందుగానే హృదయములో స్థిరపడియుండెను. గాడిద దానికి అడ్డము వచ్చెను. లారీగారు క్రూరుడని నేను తలంపను. రోగుల బాధ తీర్చుటకు ఆయన ప్రయాసపడెను. అయితే తీర్పు ముందుగానే వ్రాసికొని ప్రాణులను సాక్షులుగా పిలిచెను. ఆ నాలుగు వందల ప్రాణములయందు జరిగిన అన్యాయము నాకు కత్తిలో కంటె ఇందులోనే ఎక్కువగా కనబడుచున్నది.

ఆయన స్వభావమే అట్టిదని చెప్పుటకు మరియొక సంగతి కలదు. చలిజ్వరమునకు కారణమైన సూక్ష్మజీవి రక్తములో ఉన్నదని ఇతర దేశముల వైద్యులు చూపించుచుండగా, లారీగారు అట్టిది లేదని వాదించెను. ఆయన ఇంకను హైదరాబాదులో అధికారియై యుండగానే, 1897 ఆగస్టు 20న సికిందరాబాదునొద్ద బేగంపేటలో రొనాల్డ్ రాస్‌గారు దోమ కడుపులో ఆ జీవిని కనుగొనెను. మరుసటి ఏట రాస్‌గారు కలకత్తాలో పిట్టలను దోమలచేత కుట్టించి, ఆ రోగము దోమకాటు వలననే ప్రాకునని రుజువుచేసెను. ఆ పిట్టలును చనిపోయినవే. అయితే అవి చూపించిన సంగతి వలన నేటికిని మన గ్రామములలో పసిబిడ్డలు దోమతెరల క్రింద నిద్రించుచున్నారు. లారీగారు 1901లో హైదరాబాదు విడిచి స్వదేశమునకు పోయి, 1915లో చనిపోయెను. క్లోరోఫారం సహితము తరువాతి కాలమున ఆసుపత్రులలోనుండి తొలగిపోయెను. మన ప్రాంతపు క్రైస్తవులు జడ్చర్ల మిషను ఆసుపత్రిలోను ఇతర చోట్లను కోత కోయించుకొన్నప్పుడు పొందిన నిద్ర వెనుక ఇంత చరిత్ర ఉన్నది.

అట్లయిన ప్రాణులను ముట్టకుండనే మందులు చేయవచ్చును గదా అని కొందరందురు. 1937లో అమెరికాలో ఒక కంపెనీ క్రొత్త మందును పండ్ల వాసనగల తీయని ద్రవములో కలిపి, ఏ జంతువునకును ఇచ్చి చూడకయే సీసాలలో పోసి అమ్మెను. నూటికి పైగా మనుష్యులు చనిపోయిరి. వారిలో చిన్న పిల్లలు అనేకులు. ఒక ఎలుకకు ఇచ్చి చూచినను ఆ విషము తెలిసియుండును. ఆ తల్లుల యెదుట నిలుచుండి, ఎలుకను తప్పించితిమని చెప్పుటకు నాకు నోరు రాదు. నీనెవె పట్టణమును గూర్చి దేవుడు యోనాతో మాటలాడినప్పుడు, కుడియెడమలు ఎరుగని జనమును పశువులను ఒకే మాటలో కలిపి లెక్కపెట్టెను. రెంటిలో దేనిని విడిచినను లెక్క తప్పును.

మన దేశములో రుక్మిణీదేవి అరండేల్‌గారు రాజ్యసభలో చేసిన ప్రయత్నము వలన 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చెను. ప్రయోగములను కనిపెట్టుటకు ఒక సంఘమును ఏర్పరచవచ్చునని ఆ చట్టములోనే ఉన్నది. ఇప్పుడు ప్రయోగము చేయు ప్రతి చోట, ఇది అవసరమా, తక్కువ ప్రాణులతో కాదా, బాధ తగ్గించరాదా అని ముందుగా అడుగువారు ఉండవలెను. 2023లో క్రొత్త మందుల నియమములను సవరించి, కొన్ని పరీక్షలను జంతువులకు బదులు మనుష్యుల కణములు మొదలైనవాటితో చేయుటకు అనుమతించిరి. చట్టము కాగితము మీద ఉండును. బోను యొద్ద నిలుచుండువాడు మన ఊరి పిల్లవాడే.

ఇదంతయు ఆ యౌవనస్థునికి చెప్పితిని. ఎలుక మేత ముట్టకపోయిన ఏమి చేయుదువని అడిగితిని. ముట్టలేదని వ్రాయుదుననెను. వెండ్రుకలు నిక్కబొడుచుకొని మూలన ముడుచుకొనియుండిన? అదియు వ్రాయుదుననెను. మందు మంచిదని రావలెనని పైవారికి ఆశ ఉన్న దినమున కూడ వ్రాయుదువా అని అడిగితిని. అతడు కొంతసేపు మాటలాడలేదు. ఇంతవరకు ఎవరును కొట్టివేయుమనలేదని మెల్లగా చెప్పి, హైదరాబాదులో ఆ కుక్కలు ఎన్ని అని మరల అడిగెను. చచ్చినవన్నియు కలిసి అయిదు వందలకు తక్కువ కాదంటిని.

సోమవారము ఉదయము ఎలుకలను తూచవలెనట. ఆ సాయంకాలమే బస్సు ఎక్కి వెళ్లిపోయెను.