బదిలీ ఉద్యోగి, అణువుల జాడ: సర్ సి.వి. రామన్

ఈ జనవరిలో ఒక పొద్దున మంగ్లాలో మా ఇంట్లో కొబ్బరినూనె సీసా బోర్లించినా ఒక్క చుక్క రాలేదు. నూనె నెయ్యిలా తెల్లగా గడ్డకట్టింది. సీసాను కిటికీలో ఎండ తగిలేచోట పెట్టి బడికి వెళ్లాం. సాయంత్రానికి మళ్లీ నీళ్లలా కదులుతోంది.

ఆ రోజే ఏడో తరగతి అమ్మాయి ఒకతె సైన్సు ప్రదర్శనకు పేరు ఇవ్వనంది. వాళ్ల నాన్నకు బదిలీ ఆర్డరు వచ్చింది. మార్చి చివర వెళ్లిపోతారు. సగంలో వదిలేసే పనిని మొదలుపెట్టడం దేనికని ఆమె లెక్క. మాకు వెంటనే జవాబు తోచలేదు. పదేళ్లలో నాలుగు ఊళ్లు మారినవాళ్లం, మేము సగంలో వదిలేసినవీ తక్కువేం కాదు. పిల్లలూ, అందుకే ఈసారి ఒక బదిలీ ఉద్యోగి కథ రాస్తున్నాం.

చంద్రశేఖర వేంకట రామన్ 1888 నవంబరు 7న తిరుచిరాపల్లి దగ్గరి తిరువానైక్కావల్‌లో పుట్టారు. తమిళ కుటుంబం. కాని ఆయన బాల్యం గడిచింది మన విశాఖపట్నంలో. తండ్రి చంద్రశేఖర అయ్యర్‌కు 1892లో అక్కడి మిసెస్ ఏ.వి.ఎన్. కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. అంటే నాలుగేళ్లయినా నిండకముందే రామన్ ఊరూ, చుట్టూ వినిపించే భాషా మారిపోయాయి. పదకొండో ఏట మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. తండ్రి పనిచేసే కాలేజీలోనే ఎఫ్.ఏ. చదివి, 1903లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్లారు. 1906లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే, కాంతి మీద ఆయన రాసిన వ్యాసం లండన్ పత్రికలో అచ్చయింది.

ఆ రోజుల్లో మన దేశంలో పరిశోధనే ఉద్యోగంగా దొరకడం చాలా అరుదు. ఇంగ్లండు పోదామంటే, ఆ చలికి మీ ఒళ్లు తట్టుకోదని డాక్టరు అడ్డుచెప్పారు. రామన్ ఆర్థిక శాఖ పోటీ పరీక్ష రాసి మొదటి స్థానం తెచ్చుకున్నారు. 1907లో లోకసుందరి గారిని పెళ్లాడి, కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరారు.

ఒకరోజు ట్రాములో వెళ్తుంటే బౌబజారులో ఒక బోర్డు కనిపించింది: ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్. 1876లో డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ పెట్టిన సంస్థ అది. లోపల ప్రయోగశాల ఉంది, వాడేవాళ్లే లేరు. అప్పటి నుంచి ఆఫీసుకు ముందు తెల్లవారుజామునా, ఆఫీసు అయ్యాక రాత్రిదాకా ఆయన మకాం అక్కడే. వీణ, వయొలిన్ తీగలు ఎలా కంపిస్తాయో చూస్తూ ఉండేవారు.

అంతా కుదురుకుంటున్న వేళ, 1909లో రంగూన్‌కు బదిలీ. 1910లో నాగపూర్‌కు. కలకత్తా నుంచి నాగపూర్‌కు మన బిలాస్‌పూర్ మీదుగా వెళ్లే రైలు దారి అప్పటికి పదేళ్లుగా నడుస్తోంది. 1911లో మళ్లీ కలకత్తా. ఈ ఊళ్లలో ప్రయోగశాల లేకపోతే ఇంట్లోనే చిన్నగా అమర్చుకున్నారు. ప్రతిసారీ సామాను కట్టి, కొత్త ఊళ్లో పొయ్యి వెలిగించిన లోకసుందరి గారి గురించి పుస్తకాలు ఎక్కువ రాయవు. మీ ఇళ్లలో అట్టపెట్టెల మీద పేర్లు రాసేది ఎవరో మీకు తెలుసు కదా!

1917లో కలకత్తా విశ్వవిద్యాలయం పాలిత్ ప్రొఫెసర్ పదవి ఇస్తామంది. జీతం బాగా తగ్గుతుంది. అయినా సర్కారు కొలువు వదిలేశారు. ఇంటికి నెలనెలా వచ్చే డబ్బు తగ్గడం అంటే ఏమిటో ఉద్యోగుల పిల్లలకు వేరే చెప్పాలా?

1921లో ఇంగ్లండు వెళ్లి ఓడలో తిరిగి వస్తూ మధ్యధరా సముద్రం నీలాన్ని చూశారు. సముద్రంలో ఆకాశం ప్రతిబింబించడమే ఆ నీలానికి కారణమని లార్డ్ రేలీ అంతటి శాస్త్రవేత్త చెప్పి ఉన్నారు. రామన్ జేబులో నికోల్ పట్టకం ఉంది. దానితో నీటి మీద నుంచి ప్రతిఫలించే వెలుగును అడ్డుకుని చూశారు. నీలం పోలేదు సరికదా, ఇంకా చిక్కగా కనిపించింది. ఆ నీలం నీటి లోపలి నుంచే వస్తోంది. ఓడ బొంబాయి చేరేసరికి ఉత్తరం రాసి పంపేశారు. (నీరు ఎరుపు రంగును కొంత మింగేయడం కూడా సముద్రపు నీలానికి కారణమని ఇప్పుడు మనకు తెలుసు.)

నీటి అణువులు వెలుగును ఎలా చెదరగొడతాయి? ఇది అర్థం కావాలంటే మన రైల్వే స్టేషన్‌కు వెళ్దాం. రిజర్వేషన్ బోగీలో ఎవరి బెర్తు వాళ్లదే. బండి ఊగితే ఉన్నచోటే ఊగుతారు. ఘనపదార్థంలో అణువుల తీరు ఇదే. పండగ ముందు జనరల్ బోగీ ఎక్కండి. ఒకరికొకరు ఆనుకునే ఉంటారు, కాని ఒకచోట నిలవరు, తోసుకుంటూ జరుగుతూనే ఉంటారు. ఇది ద్రవం. బడి గంట కొట్టాక మైదానంలోకి పరుగెత్తిన మీరు వాయువు. జనరల్ బోగీలో ఒక క్షణం తలుపు దగ్గర నలుగురు ఎక్కువవుతారు, మరుక్షణం పలచబడతారు. ద్రవంలోనూ అణువులు ఇలాగే ఒకచోట కాస్త చిక్కబడి, ఒకచోట పలచబడతాయి. ఆ హెచ్చుతగ్గుల దగ్గరే వెలుగు చెదురుతుంది. తరంగదైర్ఘ్యం తక్కువ కనుక నీలం ఎక్కువ చెదురుతుంది. మా కొబ్బరినూనె ఆ సాయంత్రం బెర్తు దిగి జనరల్ బోగీ ఎక్కిందన్నమాట.

ఏడేళ్లపాటు రామన్, ఆయన శిష్యులు ద్రవాలను శుద్ధి చేయడం, వెలుగు పంపడం, పక్కనుంచి చూడడం ఇదే పనిగా పెట్టుకున్నారు. శుద్ధి చేసిన గ్లిసరిన్‌లో నీలానికి బదులు ఆకుపచ్చ ఛాయ కనిపించింది. మరకో మలినమో అని తోసిపుచ్చలేదు. 1928 ఫిబ్రవరి 28న విషయం తేలింది: చెదిరిన వెలుగులో కొంత భాగం, లోపలికి పంపిన రంగులో లేదు, వేరే రంగులో ఉంది. కాంతి అణువును తాకినప్పుడు కొంత శక్తి ఇచ్చిపోతుంది, ఒక్కోసారి తీసుకుపోతుంది. ఆ తేడా ఆ అణువు కంపనానికో, గిర్రున తిరగడానికో సరిపడేంత ఉంటుంది. కాబట్టి రంగు మార్పును కొలిస్తే అణువు లోపలి కదలిక తెలిసిపోతుంది. దీన్నే రామన్ ఫలితం అన్నారు.

ఇందులో మాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. వాయువులో అణువు స్వేచ్ఛగా తిరుగుతుంది కనుక ఆ భ్రమణం తాలూకు గీతలు విడివిడిగా కనబడతాయి. ద్రవంలో పక్కవాళ్ల తోపులాటకు ఆ గీతలు అలుక్కుపోతాయి. స్ఫటికంలోనైతే అణువుల వరసలన్నీ కలిసి ఊగే ఊపు కూడా పట్టుబడుతుంది. అంటే అణువు ఏ బోగీలో ఉందో వెలుగే చెబుతుంది!

1930లో నోబెల్ బహుమతి వచ్చింది. పక్కనే ఉండి పగలూ రాత్రీ పనిచేసిన కె.ఎస్. కృష్ణన్‌కు అందులో వాటా రాలేదు. అది మాకు ఇప్పటికీ కొంచెం బాధే. మన తెలుగువారికి గర్వకారణమైన పేరు మరొకటి సూరి భగవంతం గారిది. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టి, 1928లో కలకత్తా వెళ్లి రామన్ దగ్గర చేరారు. 1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి ఈ పరిశోధననే సాగించారు. గురువు పిల్లవాడిగా తిరిగిన ఊరికే ఆ విద్య అలా చేరింది.

1933లో రామన్ బెంగళూరు వెళ్లి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు తొలి భారతీయ డైరెక్టర్ అయ్యారు. ఆయనది ముక్కుసూటి మనిషి పద్ధతి, కోపమూ ఎక్కువే. 1937లో డైరెక్టర్ పదవి వదులుకోవలసి వచ్చింది. ప్రొఫెసర్‌గా మాత్రం 1948 దాకా అక్కడే ఉన్నారు. స్ఫటికాల కంపనాల మీద మాక్స్ బోర్న్‌తో ఏళ్ల తరబడి వాదించారు. ఆ వాదంలో చివరికి నిలిచింది బోర్న్ మాటే. 1948లో సొంత సంస్థ రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో స్థిరపడ్డారు. 1954లో భారతరత్న. 1970 నవంబరు 21న కన్నుమూశారు. ఆ సంస్థ తోటలోనే దహనం చేసి, సమాధి కట్టకుండా అక్కడ ఒక చెట్టు నాటారు.

మా ఏడో తరగతి అమ్మాయి చివరికి పేరు ఇచ్చింది. ఇంటి నుంచి హారతి కర్పూరం తెచ్చి, మూతలేని డబ్బాలో పెట్టి, వారం వారం తూకం రాస్తోంది. కరగకుండానే ఘనం నుంచి సూటిగా వాయువైపోతుంది కదా, ఎన్నాళ్లకు ఎంత తగ్గుతుందో చూడాలట. మార్చి తర్వాత తూకం చూసే పని ఆరో తరగతి పిల్లవాడికి అప్పగించింది. ఆ నోటుపుస్తకంలో జూలై దాకా గళ్లు మాత్రం ఆమే గీసి ఉంచింది.