స్థూలకాయాన్ని జయించిన విలియం బాంటింగు

స్వీడను దేశంలో నేటికీ ఎవరైనా ఒళ్లు తగ్గించుకోవడానికి ఆహారనియమం పాటిస్తే ఆ పనిని బంటా అనే క్రియాపదంతో వ్యవహరిస్తారు. ఆ పదానికి మూలం ఒక ఆంగ్లేయుని ఇంటిపేరు. ఒకప్పుడు ఇంగ్లండులో కూడా ఆ పేరు క్రియగా మారి నలుగురి నోళ్లలో నానింది. మనిషి పేరు క్రియాపదమై పరభాషా నిఘంటువులో స్థిరపడటం అరుదైన విషయం. భాషాబోధన వృత్తిగా గల మాకు ఈ వ్యక్తిపై తొలుత ఆసక్తి కలిగించింది ఈ విశేషమే. ఆయన జీవితాన్ని పరిశీలించిన తరువాత ఆ ఆసక్తి గౌరవంగా మారింది. ఆయన వైద్యుడు కాడు, శాస్త్రజ్ఞుడు అంతకంటే కాడు. లండను నగరంలో శవపేటికలు చేయించి అంత్యక్రియల ఏర్పాట్లు నిర్వహించే వర్తకుడు. పేరు విలియం బాంటింగు.

ఆయన 1796లో జన్మించాడు. సెయింట్ జేమ్స్ వీథిలోని బాంటింగు కుటుంబ సంస్థకు ఆంగ్ల రాజవంశంలో గొప్ప పలుకుబడి ఉండేది. 1820లో మూడవ జార్జి, 1830లో నాలుగవ జార్జి, 1837లో నాలుగవ విలియం రాజుల అంత్యక్రియలు ఆ సంస్థ చేతులమీదుగానే జరిగాయి. శ్రీరంగపట్నం యుద్ధంలో పాల్గొని మన దేశచరిత్రలోనూ కనిపించే వెల్లింగ్టన్ ప్రభువుకు 1852లో, విక్టోరియా రాణి భర్త ఆల్బర్టుకు 1861లో తుది ఏర్పాట్లు చేసినది కూడా వారే. అటువంటి వృత్తిలో పొరపాటుకు తావు లేదు. క్రమం, ఖచ్చితత్వం, లెక్క తప్పకపోవడం బాంటింగుకు స్వభావమైపోయాయి. అనంతరకాలంలో ఆయనను ఆదుకున్నది ఈ స్వభావమేనని మా అభిప్రాయం.

తల్లిదండ్రుల పక్షాన ఎవరికీ స్థూలకాయం లేదు. ఆయన సోమరిగా కూర్చున్నవాడూ కాడు, అతిగా తిన్నవాడూ కాడు. అయినా ముప్పయ్యవ ఏడు దాటిన తరువాత ఒళ్లు పెరగసాగింది. పరిచయస్థుడైన ఒక వైద్యుడు వ్యాయామం చేయమన్నాడు. బాంటింగు తెల్లవారుజామున పడవెక్కి రెండేసి గంటలు తెడ్డు వేశాడు. కండబలం పెరిగింది, దానితోపాటు ఆకలీ పెరిగింది; ఆకలి తీర్చుకోగా బరువు మరింత పెరిగింది. చివరకు ఆ వైద్యుడే వద్దని మాన్పించాడు. సముద్రస్నానాలు, గుర్రపుస్వారీ, లెమింగ్టన్, చెల్టెన్‌హామ్, హారోగేట్ వంటి చోట్ల ఊటనీటి చికిత్సలు, క్షారపు మందులు, యాభై వరకు టర్కీ ఆవిరిస్నానాలు వరుసగా సాగాయి. అన్ని ఆవిరిస్నానాల ఫలితం ఆరు పౌన్లు మాత్రమే. ఇరవై ఏళ్లలో ఇరవై మారులు ఇటువంటి చికిత్సలకు లోబడినట్లు ఆయనే వ్రాసుకున్నాడు.

1862 ఆగస్టు నాటికి ఆయన ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, బరువు 202 పౌన్లు. అంటే సుమారు 92 కిలోలు. వంగి బూట్ల తాడు కట్టుకోలేడు. మోకాళ్లపై భారం పడకుండా మేడమెట్లు వెనుకకు తిరిగి, ఒక్కొక్కటిగా దిగేవాడు. కొద్ది శ్రమకే రొప్పు. బొడ్డు దగ్గర పేగు ఉబికిరాకుండా పట్టీ, మోకాళ్లకు మరొక పట్టీ. చూపు మందగించింది, చెవులు వినిపించడం మానుకొంటున్నాయి. వీటన్నింటికంటే ఆయనను ఎక్కువగా బాధించినవి బండిలోనో సభలోనో జనం విసిరే వెకిలి మాటలు. వాటికి జంకి నలుగురిలోకి వెళ్లడమే తగ్గించుకున్నాడు. స్థూలకాయుని చూసి నవ్వడం మన సంఘంలోనూ తప్పుగా ఎంచబడటం లేదు కదా!

విచిత్రమేమంటే, ఆయనకు దారి చూపినది కడుపు కాదు, చెవి. వినికిడి కోసం వెళ్లగా సోహో స్క్వేరులోని విలియం హార్వీ అనే చెవి వైద్యుడు తారసిల్లాడు. రక్తప్రసరణను కనుగొన్న పదిహేడవ శతాబ్దపు హార్వీ వేరు. ఈ హార్వీ 1856లో పారిసు నగరంలో క్లాడ్ బెర్నార్డ్ ఉపన్యాసాలు విన్నవాడు. కాలేయం తనంతట తాను చక్కెరను తయారుచేస్తుందని నిరూపించిన మహాశాస్త్రజ్ఞుడు బెర్నార్డ్. మధుమేహరోగులకు చక్కెరనూ పిండినీ తగ్గించి మాంసాహారం పెట్టే పద్ధతి అప్పటికే ఉంది. ఆ పద్ధతి స్థూలకాయానికి కూడా పనికిరావచ్చునని హార్వీ ఊహించాడు. పెరిగిన కొవ్వు లోపలి నుండి చెవిని ఒత్తుతున్నదని భావించి, బాంటింగుకు ఆహారపట్టిక వ్రాసి ఇచ్చాడు.

రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంప: ఈ ఆరింటినీ వీలైనంతవరకు మానవలెను. అప్పటివరకు బాంటింగు ఆహారమంతా దాదాపు అవే. ఉదయం పాలలో నానిన రొట్టె లేక వెన్న పూసిన రొట్టెతో చక్కెర తేనీరు, మధ్యాహ్నం మాంసంతోపాటు మెండుగా రొట్టె, బీరు, పిండివంటలు, రాత్రి మళ్లీ అదే వరస. కొత్త పట్టికలో ఉదయం నాలుగైదు ఔన్సుల మాంసమో చేపో, పాలూ చక్కెరా లేని తేనీరు, ఔన్సు కాల్చిన రొట్టె. మధ్యాహ్నం అయిదారు ఔన్సుల చేప లేక మాంసం, బంగాళాదుంప తప్ప ఏ కూరగాయ అయినా, మళ్లీ ఔన్సు రొట్టె. సాయంత్రం కొద్దిగా పండ్లు. రాత్రి మూడు నాలుగు ఔన్సుల మాంసం. వీటి నడుమ ద్రాక్షసారాయి కూడా ఉన్నది. అది మా పాఠకులలో అనేకులకు నిషిద్ధమని మాకు తెలుసు. ఆయనకు మేలు చేసినది అది కాదు గనుక విచారించనక్కరలేదు.

గమనించవలసినది ఏమంటే, బాంటింగు పస్తుండలేదు. వెనుకటికంటే రుచికరమైన భోజనం చేస్తూనే వారానికి పౌను చొప్పున తగ్గాడు. వృత్తిలో అలవాటైన పద్ధతిలో తన బరువు తానే తూచి తేదీలవారీగా వ్రాసి ఉంచాడు. 1863 సెప్టెంబరు 12 నాటికి 156 పౌన్లు. సుమారు ఏడాదిలో 46 పౌన్లు, అనగా దాదాపు 21 కిలోలు తగ్గాయి. నడుము కొలత పన్నెండుంబావు అంగుళాలు తగ్గింది. మెట్లు ముందుకు తిరిగి దిగాడు. పట్టీలు విప్పేశాడు. వినికిడి కుదుటపడింది.

ఇంతటితో ఊరుకుంటే ఆయన పేరు మనకు తెలిసేది కాదు. తనవలె బాధపడేవారికి తెలియజేయాలని 1863లో స్థూలకాయంపై ప్రజలకు ఒక బహిరంగలేఖ వ్రాసి, సొంత ఖర్చుతో చిన్న పుస్తకంగా అచ్చువేయించి ఉచితంగా పంచిపెట్టాడు. రెండవ ముద్రణ కూడా ఉచితమే. గిరాకీ తట్టుకోలేక మూడవ ముద్రణను వెలకు అమ్మించి, వచ్చిన లాభాన్ని ధర్మసంస్థలకు ఇచ్చి, ఆ జమాఖర్చులు కూడా ప్రకటించాడు. కొవ్వు తగ్గించే కిటుకులు అమ్ముకుని మేడలు కట్టే ఈ రోజుల్లో ఈ సంగతి మాకు ఆయన బరువు తగ్గడంకంటే పెద్దదిగా తోస్తున్నది.

వైద్యలోకం మాత్రం మండిపడింది. లాన్సెట్ పత్రిక ఆయనను వైద్యవిషయాలలో తలదూర్చవద్దని మందలించింది. ఈ ఆహారంలో కొత్త ఏమీ లేదన్నవారు కొందరు, ప్రమాదకరమన్నవారు కొందరు. బాంటింగు కోపగించుకోలేదు. ఇది తన అనుభవమేననీ, సిద్ధాంతం తనది కాదనీ, ఘనత హార్వీదేననీ మళ్లీ మళ్లీ చెప్పాడు. ఎవరైనా తమ వైద్యుని సంప్రదించకుండా అనుసరించరాదని కోరాడు. ఆ వినయాన్ని ఆయన విమర్శకులలో చూడలేము.

ఆనాడు తెలియని కారణాలు నేడు కొంతవరకు తెలుసు. పిండిపదార్థాలు జీర్ణమై గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతాయి. దానిని కణాలలోకి పంపడానికి ఇన్సులిను స్రవిస్తుంది, మిగులు కొవ్వుగా నిలువ అవుతుంది. మాంసకృత్తులు ఎక్కువసేపు ఆకలి వేయనీయవు. తొలివారాల్లో తగ్గే బరువులో కొంత నీరు కూడా ఉంటుంది. ఇన్సులినును 1921లో కనుగొన్న కెనడా వైద్యుడు ఫ్రెడరిక్ బాంటింగు వేరొకరు. ఇంటిపేరు ఒకటి కావడంతో పలువురు పొరబడతారు. అయితే పిండి తగ్గించడమే ఏకైక మార్గమని చెప్పడానికి వీలులేదు. 609 మందితో ఏడాదిపాటు సాగి 2018లో వెలువడిన స్టాన్‌ఫర్డ్ పరిశోధనలో, పిండిపదార్థాలు తగ్గించినవారికీ కొవ్వు తగ్గించినవారికీ బరువు విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు వర్గాలవారినీ చక్కెర, మరపట్టిన తెల్లపిండి మానమన్నారని మాత్రం మరువరాదు.

తెలుగువారి కంచాన్ని తలచుకుంటే బాంటింగు పాత ఆహారపట్టిక మనకు పరాయిగా తోచదు. ఆయనకు రొట్టె ఎట్లో మనకు అన్నం అట్లు. విస్తరిలో కొండంత అన్నం, దాని పక్కన గోరంత పప్పు, కూర. విందులైతే బిర్యానీ, ఆపైన డబల్ కా మీఠా. 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం దేశంలో మధుమేహం గలవారు 10 కోట్లు దాటినట్లు అంచనా వేసింది. కానీ బాంటింగు సంపన్నుడు, పూటపూటకూ మాంసం కొనగలిగినవాడు. 1983లో మన రాష్ట్రంలో కిలో బియ్యం 2 రూపాయలకు ఇచ్చినపుడు పేదవాని ఆకలి తీరింది. పప్పు, గుడ్డు, మాంసం అదే చవకలో దొరకలేదు. కూలివానితో అన్నం తగ్గించమని చెప్పేవారు ఆ స్థానంలో ఏమి తినాలో కూడా చెప్పవలసి ఉంటుంది. ఇక మాత్రలో ఇన్సులినో వాడే మధుమేహులు వైద్యునికి చెప్పకుండా హఠాత్తుగా అన్నం మానితే రక్తంలో చక్కెర ప్రమాదస్థాయికి పడిపోవచ్చును.

ఈ పద్ధతి జర్మనీకి పాకింది, అక్కడి వైద్యులు మార్పులు చేశారు. చాలాకాలం మరుగునపడి, మన కాలంలో దక్షిణాఫ్రికాలో బాంటింగు పేరుతోనే మళ్లీ ప్రచారంలోకి వచ్చింది. తన పుస్తకపు నాలుగవ ముద్రణ 1869లో వెలువడేనాటికి బాంటింగు అదే నియమంలో, అదే ఆరోగ్యంతో ఉన్నాడు. హార్వీ గడప తొక్కిన తరువాత మరి పదిహేనేళ్లకు పైగా జీవించి, 1878 మార్చి 16న ఎనభై ఒకటవ ఏట లండనులో కన్నుమూశాడు.