సగం జీతం ముట్టని శాస్త్రజ్ఞుడు

మామిడి చెట్టు నీడన మొలిచిన మొక్క సన్నగా, పొడుగ్గా సాగుతుంది. అదే టెంక ఎండలో మొలిస్తే పొట్టిగా, గట్టిగా వస్తుంది. నూజివీడు తోటల్లో కాయ కోసే ప్రతి కూలీకీ తెలిసిన సంగతే ఇది. వెలుతురు మొక్క ఎదుగుదలను ఎలా ఆపుతుందో యంత్రం పెట్టి కొలిచినవాడు జగదీశ్ చంద్ర బోస్. శాస్త్రజ్ఞుడితో కూలోళ్ళకేం పని అని మమ్మల్ని అడిగేవాళ్ళున్నారు. పనుంది.

ఆయన 1858 నవంబరు 30న తూర్పు బెంగాల్‌లో పుట్టాడు. తండ్రి సర్కారు ఉద్యోగి. అయినా కొడుకుని ఇంగ్లీషు బడికి కాక బెంగాలీ బడికి పంపాడు. అక్కడ బెస్తవారి పిల్లాడి పక్కన, తండ్రి దగ్గర పనిచేసే ముస్లిం నౌకరు కొడుకు పక్కన కూర్చుని చదివాడు. వాళ్ళు చెప్పిన పిట్టల, జంతువుల కబుర్లు వినే ఆయనకు ప్రకృతి మీద మనసు పడింది.

ఇంగ్లండులో చదివొచ్చి 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరాడు. పాఠం ఒకటే, జీతాలు రెండు. తెల్లదొరకిచ్చే దాంట్లో మనవాడికి మూడింట రెండొంతులే. తాత్కాలిక ఉద్యోగమని అందులోనూ సగం కోశారు. బోస్ పని మానలేదు, ఆ జీతం ముట్టలేదు. ఇంటి మీద అప్పులున్నా మూడేళ్ళు అలాగే పాఠాలు చెప్పాడు. చివరికి సర్కారు దిగొచ్చి పూర్తి జీతం, పాత బకాయితో సహా చెల్లించింది.

తర్వాత ఆయన దేశీ పనివాళ్ళ చేత క్రెస్కోగ్రాఫ్ అనే యంత్రం చేయించాడు. మొక్క ఎదుగుదలను అది పదివేల రెట్లు పెంచి చూపేది. ఎరుపు, పసుపు వెలుతురుకు పెద్ద మార్పు కనపడలేదు. నీలం వెలుతురు, కంటికానని అతినీలలోహిత కిరణాలు పడితే ఎదుగుదల మందగించింది. ఈ కిరణాలు మితిమీరితే కణంలోని డిఎన్ఏ దెబ్బతింటుందని, ఆకు చిన్నబోతుందని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. మొక్క కూడా ఊరుకోదు. వాటిని పీల్చేసే పదార్థాలు ఆకు పైపొరలో తయారుచేసుకుంటుంది. ఆకాశంలో ఓజోను పొర చాలా వరకు కాస్తుంది. కంపెనీల రసాయనాలు ఆ పొరను పల్చన చేస్తుంటే 1987లో మాంట్రియల్ ఒప్పందంతో దేశాలు కట్టడికి పూనుకున్నాయి.

మొక్కకూ నరాల వంటివి ఉన్నాయన్న బోస్ వాదన మీద చాలా కాలం తగాదా నడిచింది. 1917లో ఆయన కలకత్తాలో బోస్ సంస్థను స్థాపించాడు. 1937 నవంబరు 23న గిరిదిలో కన్నుమూశాడు.

తోటలో ఎండ ఆడకూలీని, మగకూలీని ఒకేలా కాలుస్తుంది. కూలి మాత్రం ఆడవాళ్ళకు తక్కువిచ్చే చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ ఈ కథ చెప్పుకోవాలి. బోస్ చదువున్నవాడు, ఒంటరిగానైనా మూడేళ్ళు నిలబడ్డాడు. మనకు మూడు రోజులు కూలి లేకపోతే పొయ్యి వెలగదు. ఒక్కరుగా నిలబడలేం గనకే మనకు సంఘం కావాలి.