పండితులతో వాదించి, పండితులకే పీట వేసిన కట్టమంచి

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పనిచేసి రిటైరైన మనలో సర్ సి.ఆర్.రెడ్డి స్నాతకోత్సవ మందిరం ఎరగనివారు ఉండరు. అందులో కుర్చీలు వేయించిందీ, మైకులు సరిచూసిందీ, వక్తలకు మంచినీళ్లు అందించిందీ మనమే. ఆ పేరుగల మనిషి గురించి మాత్రం మనకు తెలిసింది తక్కువేమోనని నా అనుమానం. ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడగ్గానే కట్టమంచి రామలింగారెడ్డిగారే గుర్తొచ్చారు.

ఆయన 1880 డిసెంబరు 10న చిత్తూరు పక్కనున్న కట్టమంచిలో పుట్టారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, ప్రభుత్వ విద్యార్థివేతనంతో కేంబ్రిడ్జి వెళ్లారు. అక్కడి విద్యార్థి సభ అయిన యూనియన్‌కు ఉపాధ్యక్షులయ్యారు. అప్పట్లో ఒక భారతీయుడికి ఆ గౌరవం దక్కడం మామూలు సంగతి కాదు. తిరిగివచ్చి బరోడాలోనూ, తర్వాత మైసూరులోనూ విద్యారంగంలో పెద్ద పదవులు చేశారు. పెళ్లి చేసుకోలేదు.

ఇంగ్లీషులో అంత ధాటిగా మాట్లాడే మనిషి తెలుగును వదల్లేదు. విద్యార్థిగా ఉండగానే కళాశాలలోని భాషాభిరంజని సమాజం పెట్టిన పోటీకి ‘ముసలమ్మ మరణము’ కావ్యం రాసి బహుమతి అందుకున్నారు. చెరువు కట్ట తెగకుండా ఊరి కోసం ప్రాణమిచ్చిన ఇల్లాలి కథ అది. బ్రౌన్ దొర వెలికితెచ్చిన అనంతపురం చరిత్రలోంచి తీసుకున్నారు. రాజులూ అప్సరసలూ లేకుండా ఒక పల్లెటూరి కోడల్ని కావ్యనాయికను చేయడం ఆ రోజుల్లో సాహసమే.

అంతకు మించిన సాహసం 1914లో వచ్చిన ‘కవిత్వతత్త్వ విచారము’. నేను తెలుగు ఎమ్మే చదివినవాణ్ని కాను. బి.కాం. పాసై జూనియర్ అసిస్టెంటుగా చేరినవాణ్ని. మన వి.ఎస్.కృష్ణా గ్రంథాలయం నుంచి ఆ పుస్తకం తెచ్చుకుని మొదటి పది పేజీలు గ్రాంథికంతో కుస్తీ పట్టాను. తర్వాత వదలబుద్ధి కాలేదు. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని ముందు పెట్టుకుని, కవికి కావలసింది భావనాశక్తి అనీ, కథను నడిపే నేర్పు అనీ ఆయన తేల్చారు. వర్ణనల మీద వర్ణనలు పేర్చి, ముందువాళ్ల దారినే తొక్కిన ప్రబంధ కవులను గట్టిగా మందలించారు. పెద్దల కవిత్వంలో తప్పులెంచడమా అని పండితులు భగ్గుమన్నారు. ఖండనలు రాశారు. అన్నిచోట్లా ఆయన తీర్పు సరైనదేనని నేననను. కొన్నిచోట్ల ప్రబంధాల పట్ల మరీ కఠినంగా ఉన్నారనే నాకనిపిస్తుంది. కానీ చదివినవాడు తన బుర్రతో తాను ఆలోచించవచ్చునన్న ధైర్యం నాకు ఆ పుస్తకమే ఇచ్చింది.

ఇక అసలు సంగతి. 1926లో విశ్వవిద్యాలయం బెజవాడలో మొదలైనప్పుడు తొలి వైస్ ఛాన్సలర్ ఆయనే. పండితులతో అంత పేచీ పెట్టుకున్న మనిషి ఆ కుర్చీలో కూర్చుంటే ఏం చేస్తారని ఎవరైనా అనుకుంటారు? ఆయన హయాములో విశ్వవిద్యాలయం ఆ పండితులను పిలిచి కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. 1927లో వేదం వేంకటరాయశాస్త్రిగారికి ఇచ్చారు. రెడ్డిగారు చదివిన క్రైస్తవ కళాశాలలోనే సంస్కృత పండితులుగా పనిచేసినవారాయన. 1938లో గిడుగు రామమూర్తిగారికీ, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారికీ ఇచ్చారు. ఒకరు వాడుక భాష కోసం జీవితమంతా పోరాడినవారు, మరొకరు అవధానాలతో ఊరూరా పద్యాన్ని ఊరేగించినవారు. రెడ్డిగారి రచన మాత్రం గ్రాంథికం. 1943లో చూపు కోల్పోయిన చిలకమర్తి లక్ష్మీనరసింహంగారికి ఇచ్చారు. ఎవరికి ఏ డిగ్రీ ఉందన్న లెక్క అక్కడ లేదు.

ఈ ముక్క నన్నెందుకు తాకిందో చెప్పాలి. మా రోజుల్లో ఒక పై అధికారికి గుమాస్తాలు సాహిత్య సభల్లో కూర్చోవడం గిట్టేది కాదు. ఫైళ్లు చూసుకునేవాళ్లకు కవిత్వం దేనికని ఆయన వాదన. ఆఫీసు వేళ అయిపోయాకే వెళ్లినా మర్నాడు మెమో ఇస్తారేమోనని బెంగ. అందుకని ఎన్నో ఉపన్యాసాలు గుమ్మం పక్కన నిలబడే విన్నాను. కళాప్రపూర్ణుల జాబితా తెలిశాక మాత్రం లోపలికి వెళ్లి వెనక వరసలో కూర్చోవడం మొదలుపెట్టాను. మెమో రాలేదు.

మనలాంటి ఉద్యోగులు తలుచుకోవలసింది మరొకటుంది. 1930లో ఉప్పు సత్యాగ్రహాన్ని ప్రభుత్వం అణచివేసిన తీరుకు నిరసనగా రెడ్డిగారు వైస్ ఛాన్సలర్ పదవికి రాజీనామా ఇచ్చారు. విశ్వవిద్యాలయం వాల్తేరుకు చేరిన ఏడాదే అది. ఆయన తర్వాత 1931లో సర్వేపల్లి రాధాకృష్ణగారు వచ్చారు. రవీంద్రనాథ ఠాగూరు 1933లో వాల్తేరు వచ్చి మానవుణ్ని గురించి ఉపన్యాసాలిచ్చింది ఆయన కాలంలోనే. ఆ ఘనతను రెడ్డిగారి ఖాతాలో వేసేవాళ్లు మనలో ఉన్నారు, అది సరికాదు.

1936లో రెడ్డిగారు మళ్లీ వచ్చి 1949 దాకా ఉన్నారు. 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాను బాంబులు పడితే విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించవలసి వచ్చింది. ఆ పెట్టెలూ బీరువాలూ మోసిన తరం మనకంటే ముందుది. పదవి దిగాక మైసూరు విశ్వవిద్యాలయానికి ప్రో ఛాన్సలర్‌గా వెళ్లారు. 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు.

ఆయన రాసిన ‘వ్యాసమంజరి’, ‘అర్థశాస్త్రము’ కూడా గ్రంథాలయాల్లో దొరుకుతాయి. కొత్తగా చదవదలచిన మిత్రులు ‘ముసలమ్మ మరణము’తో మొదలుపెడితే నయం. పద్యాలే అయినా కథ చిన్నది, ఒక పూటలో అయిపోతుంది. మనవలకు చెప్పడానికీ బాగుంటుంది.