కట్టమంచి రామలింగారెడ్డి: అర్థనీతి, పౌరధర్మం

కురబలకోట, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు వాననూ చెరువునూ నమ్ముకొన్న మెట్టసీమలు. చెరువుకట్ట తెగితే నష్టపోయేది ఒక్క రైతు కాదు, ఊరంతా. కట్ట మరమ్మతుకు ఊరివారందరూ శ్రమపడవలెనన్న కుడిమరామతు ఆచారం దక్షిణదేశంలో నెలకొనడానికి కారణమిదే. 1911లో ఈ ప్రాంతాలకు జిల్లా కేంద్రమైన చిత్తూరును ఆనుకొని ఉన్న కట్టమంచిలో 1880 డిసెంబరు 10న జన్మించిన రామలింగారెడ్డిగారు తమ తొలికావ్యానికి చెరువుకట్ట కథనే ఎన్నుకొన్నారు. ఇది కేవలం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో విద్యార్థిగా ఉండగా రచించి బహుమతి పొందిన ఆ కావ్యం 'ముసలమ్మ మరణము'. అనంతపురం ప్రాంతపు బుక్కరాయసముద్రంలో చెరువు తెగబోతున్న వేళ ఊరి రక్షణకై ఒక రెడ్డివారి కోడలు ఆత్మార్పణ చేసిన వృత్తాంతం అది. నవ్యకవితకు నాందిగా దీనిని విమర్శకులు ప్రశంసించారు. అయితే అందులోని పౌరధర్మ ప్రశ్నను అంతగా చర్చించినట్లు కనబడదు. సామాన్యహితానికి మూల్యం చెల్లించవలసింది ఎవరు? కట్టను కాపాడవలసిన బాధ్యత అందరిదీ. బలి మాత్రం ఇంటి కోడలిది! ఆమె స్వచ్ఛందంగా వెళ్ళిందన్నంత మాత్రాన ఊరిపెద్దల బాధ్యత తీరిపోదు.

కేంబ్రిడ్జిలో చదివి, అక్కడి యూనియన్ సంఘానికి ఉపాధ్యక్షులుగా ఎన్నికై, బరోడా కళాశాలలో కొంతకాలం పనిచేసిన అనంతరం ఆయన మైసూరు చేరారు. సరిగ్గా ఆ రోజులలోనే, 1909లో, మైసూరు ప్రాచ్యగ్రంథాలయానికి చెందిన శామశాస్త్రిగారు కౌటిల్యుని అర్థశాస్త్రాన్ని ప్రకటించారు. స్వదేశీ సరకుపై నూటికి ఐదు, పరదేశీ సరకుపై నూటికి పది మించి లాభం తీయరాదని, మించిన వర్తకుని దండించవలెనని అందులోని విధి. అంటే కౌటిల్యుని అంగడిలో నీతిని నిలిపేది దండభయం. రెడ్డిగారు 'భారత అర్థశాస్త్రము'ను తెలుగులో రచించడంలోని ఆంతర్యం మరొకటని నా అభిప్రాయం. పన్ను ఎందుకు కడుతున్నాడో, ధర ఎందుకు పెరుగుతున్నదో తన భాషలో తెలుసుకోలేనివాడు ప్రజగా మిగులుతాడే గాని పౌరుడు కాలేడు. అలంకారశాస్త్ర విషయంలో 'కవిత్వతత్త్వ విచారము' రేపిన కలకలం మనవారికి సుపరిచితమే. 

మైసూరులో విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా పంచమ బాలబాలికలకు పాఠశాలల ద్వారాలు తెరిపించడానికి కృషి చేసి, 1921లో ఉద్యోగం వదలి రాజకీయాలలో ప్రవేశించారు. మొదట జస్టిస్ పక్షంలో ఉన్నారు. తరువాత ఆ పక్షపు మంత్రివర్గం మీదనే, పానగల్లు రాజా ప్రధానమంత్రిగా ఉండగా, 1923 నవంబరులో మద్రాసు శాసనమండలిలో అవిశ్వాస తీర్మానం ప్రవేశపెట్టారు. 44 ఓట్లు అనుకూలంగా, 65 ప్రతికూలంగా వచ్చి తీర్మానం వీగిపోయింది. పక్షం మారినవాడని ఆయనను నిందించినవారున్నారు. పాలించేవారిని సభలో నిలబెట్టి సంజాయిషీ అడగవచ్చునన్న సంప్రదాయం ఆ రాష్ట్రంలో అప్పుడే మొదలైందన్నది మాత్రం మరువరాదు.

1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు స్థాపితమైనప్పుడు ఆయనే ప్రథమోపాధ్యక్షులు. బెజవాడలో పుట్టిన ఆ సంస్థ వాల్తేరులో నిలదొక్కుకొంటున్న తరుణంలోనే శాసనోల్లంఘనోద్యమం వచ్చింది. ప్రభుత్వ దమననీతికి నిరసనగా 1930లో ఆయన పదవికి రాజీనామా చేశారు. తాను పెంచిన సంస్థను, అది ఇంకా బాలారిష్టాలు దాటకముందే, విడిచిపోవడం తేలికైన పని కాదు. యౌవనంలో ఒక కోడలి త్యాగాన్ని గానం చేసిన కవి, నడివయస్సులో వెల తానే చెల్లించారు. ఆయన స్థానంలో సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు.

1936లో తిరిగి ఉపాధ్యక్షులై 1949 వరకు కొనసాగారు. ఈ రెండవ ఘట్టం చరిత్రకారుని ఇబ్బంది పెడుతుంది. దమననీతిని నిరసించి పదవి వదలిన ఆయనే 1942లో, అనగా క్విట్ ఇండియా ఉద్యమం సాగిన ఏడాదే, అదే ప్రభుత్వం నుండి 'సర్' బిరుదు అందుకొన్నారు. ఉద్యమం ఆగస్టులో మొదలైంది, బిరుదు అంతకు ముందే ప్రకటితమైంది. కనుక రెంటినీ ఒకే త్రాసులో తూచడం న్యాయం కాదు. అయినా 1930 నాటి రామలింగారెడ్డిగారే దానిని స్వీకరించారంటే జీర్ణించుకొనడం కష్టం. విశ్వవిద్యాలయ క్షేమం కోసమే సర్కారుతో సఖ్యంగా ఉన్నారన్న సమాధానం నాకు సగమే తృప్తినిస్తుంది.

1949లో మైసూరు విశ్వవిద్యాలయ ప్రో-ఛాన్సలర్‌గా వెళ్ళారు. అవివాహితులుగానే ఉండి, 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు.