ఎవురి కొడుకురా నువ్వు?

ఎర్రగుంట్ల స్టేషన్లో గూడ్సు బండి నిలబడిందంటే ఎప్పుడు కదులుతుందో ఎవరికీ తెలిసేది కాదు. బడి గంట కొట్టే వేళకు చుట్టు తిరిగి పోయే ఓపిక లేక, పుస్తకాల సంచి ముందు విసిరేసి, పెట్టెల కింద దూరి అవతలికి పోయేవాళ్ళం.

ఎనిమిదో తరగతిలో ఒకనాడు అలాగే దూరి లేచేసరికి ఎదురుగా జామకాయల అవ్వ. గంప కింద పెట్టి నా చెవి పట్టుకుంది.

"ఒరే, ఎవురి కొడుకురా నువ్వు? చక్రాల కింద పడి సచ్చేదానికా మీ యమ్మ నిన్ను కనింది? కండ్లు నెత్తికెక్కినాయా?"

నాయన పేరు చెప్పినాను. "బండల మిషన్ కాడ పనిచేసే ఆయప్ప కొడుకువా? ఉండు, మాపటికి మీ ఇంటికే వస్తా" అంది. అన్నట్టే వచ్చింది. మా ఇంటి ముందు నాపబండ మీద కూచుని, వీధంతా వినేటట్టు నన్నూ, నన్ను కన్నవాళ్ళనూ కలిపి దులిపేసింది. మా అమ్మ ఎదురుమాట అనలేదు. సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి పెట్టి, తిన్నాకే పంపింది.

మరుసటి రోజు నుంచి బడి వేళకు ఆ గంప పట్టాల పక్కకు జరిగింది. నేను చుట్టు తిరిగి వచ్చి కంటబడేదాకా అవ్వ అక్కడి నుంచి లేచేది కాదు.

ఆమె పోయి చాలా ఏండ్లయింది. ఆమెతో పాటు మా ఊరి నుంచి వెళ్ళిపోయిన మందలింపుకు ఈ నివాళి.

తెలంగాణలో మందలించడమంటే పలకరించడం, బాగోగులు అడగడం. మా దగ్గర తప్పు చేసినవాణ్ణి కోప్పడటం. అవ్వ నోట ఆ రెండూ ఒకటే మాట. తిట్టేముందు ఆమె అడిగింది నేను ఎవరి కొడుకునని. ఎవరి బిడ్డో తెలుసుకున్నాక ఆ బిడ్డ ఆమెకూ బిడ్డే. కోప్పడే హక్కును ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. రోజూ పట్టాల పక్కన కూచుని ఆమే సంపాదించుకుంది.

మా మండలంలో తప్పు చేసేవాణ్ణి హెచ్చరించే ఈ అలవాటుకు వయసు తక్కువేం కాదు. పక్కనే కలమళ్ళ. అక్కడి గుడి ఆవరణలో దొరికిన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనం సుమారు 575 నాటిది. తెలుగు భాషలో మనకు దొరికిన తొలి శాసనంగా దానికి పేరు. అరిగిపోయిన ఆ రాతి ఆఖరి పంక్తుల్లో మహాపాతకమన్న మాట ఇంకా మిగిలే ఉంది. దానధర్మాన్ని చెరిపినవాడికి పాపం చుట్టుకుంటుందని శాసనం చివర చెప్పడం ఆనాటి రివాజు. లోకాన్ని మొహం మీదే కడిగేసిన వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించిన బ్రౌన్ దొర కూడా మా కడపలో కొలువు చేసినవాడే.

అయితే పోయిన తిట్లన్నిటికీ నేను కన్నీళ్ళు పెట్టను. కులం పేరెత్తి మనిషిని కిందికి తొక్కిన తిట్టు పోవాల్సిందే, ఇంకా పూర్తిగా పోలేదు కూడా. బడిలో బెత్తాన్నీ, పిల్లల మనసు విరిచే మాటనూ 2009 విద్యాహక్కు చట్టం వద్దన్నది, మంచిదే. పైగా ఇది పగల నేల. మాట తూలితే తరాల తరబడి కత్తులు నూరుకున్న ఊర్లు మాకు తెలుసు. అవ్వ తిట్టు మాత్రం ఏనాడూ పగ కాలేదు. ఎందుకంటే ఆమె గెలవడానికి తిట్టలేదు. చాటున అనలేదు, మొహం మీద అనింది. కడుపులో పెట్టుకోలేదు, సంగటి తిని లేచేసరికి మర్చిపోయింది. బిడ్డ బతకాలన్నది తప్ప ఆ మాటలో ఇంకో ఆశ లేదు.

మరి ఆ మందలింపు ఎందుకు పోయింది? చిలంకూరు సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది. 1994లో థర్మల్ కరెంటు మొదలైంది. 2016లో నంద్యాల రైలు కలిసింది. అవన్నీ మాకు కూడు పెట్టినవే, వాటిని ఒక్క మాట అనలేను. కానీ ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చారు, మా పిల్లలు బెంగళూరుకూ కువైట్‌కూ పోయారు. ఎవరు ఎవరి కొడుకో తెలియకుండా పోయింది. పైగా నోరు తెరిస్తే ఎవరో ఒకరు సెల్‌ఫోన్ ఎత్తుతారు. రెండు నిమిషాల కోపం ఊరూరా తిరుగుతుంది, వెనకున్న ప్రేమ అందులో కనపడదు. అందుకే అందరం "మనకెందుకులే" అనడం నేర్చుకున్నాం. దానికి మర్యాద అని పేరు పెట్టుకున్నాం.

పోయిన నెల స్టేషన్లో దిగినాను. బొగ్గు బండి నిలబడి ఉంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న పిల్లోడు ఒకడు వంగి పెట్టె కింద దూరినాడు. నా నోటి దాకా వచ్చింది ఆ మాట. వాడెవరో, నన్నేమంటాడో అనుకుంటూ ఆగిపోయినాను. వాడు అవతల లేచి, మోకాళ్ళు దులుపుకుని వెళ్ళిపోయినాడు. కాసేపటికి బండి కదిలింది. చక్రాల చప్పుడు వింటుంటే చేతులు వణికినాయి.

అవ్వ ఉండింటే ముందు వాడి చెవి పట్టుకునేది. తర్వాత, చూస్తా ఊరకుండిన నా వైపు తిరిగి అడిగేది:

"ఎవురి కొడుకురా నువ్వు?"